మొజం జా: మార్కెట్ ఒక్కటే కాదు, పేదల ఇండ్లు కూడా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి హైదరాబాద్ పోయే వాళ్లలో మొజంజాహీ మార్కెట్ తెలియని వాళ్లు తక్కువ. ఆ పేరు గల మనిషి పేదల ఇండ్లు కట్టిన బోర్డుకు అధ్యక్షుడన్న సంగతి మాత్రం చాలా మందికి తెల్వదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజం జా 1907లో పుట్టిండు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మూసీ వరద వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత ప్లేగు. ఇరుకు గల్లీలు, గాలి, వెలుతురు లేని ఇండ్లే రోగానికి దారి అని సర్కారుకు అర్థమైంది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది.

తర్వాత ఆ బోర్డు పగ్గాలు మొజం జా చేతికి వచ్చాయి. బోర్డు మురికివాడలను కూల్చి, రోడ్లు వెడల్పు చేసి, డ్రైనేజీ వేసింది. తక్కువ ఆదాయం ఉన్నోళ్లకు చిన్న ఇండ్లు కట్టి కిరాయికి ఇచ్చింది. పత్తర్‌గట్టి కూడా బోర్డు పనే. మొజంజాహీ మార్కెట్ 1935లో పూర్తయింది.

1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిలోఫర్‌తో ఆయన నికా జరిగింది. తర్వాత ఇద్దరూ విడిపోయారు. ఉర్దూ షాయరీ రాసేవాడు. 1987లో కన్నుమూశాడు.

1960లో బోర్డు పని హౌసింగ్ బోర్డు చేతికి వెళ్లింది. కానీ కూల్చినంత తేలిక కాదు కట్టివ్వడం. గూడు పోయినోడికి మళ్లీ గూడు దొరికిందా, కిరాయి కట్టగలిగిండా అన్నదే అసలు లెక్క. డబుల్ బెడ్‌రూం ఇండ్ల కోసం ఎదురుచూసే మన జిల్లాల పేదలకు ఆ లెక్క కొత్తేం కాదు.