ఆల్‌ఫ్రెడ్ వెర్నర్

కేన్సర్ రోగులకు ఎక్కించే మందుల్లో సిస్‌ప్లాటిన్ ఒకటి. చూడ్డానికి పసుపుపచ్చ పొడి. నడుమ ప్లాటినం లోహం, దాని చుట్టూ రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు. అంతే సరుకు! దీన్ని 1840లలోనే ఇటలీ వాడైన పెయ్‌రోన్ తయారుచేశాడు. కానీ లోపల ఏది ఎక్కడ కూర్చుందో ఎవరికీ అర్థం కాలేదు. అది విప్పి చెప్పినవాడు వెర్నర్.

వెర్నర్ 1866 డిసెంబరు 12న ములూజ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి కార్ఖానాలో పనివాడు. 1871లో ఆ ఊరు ఫ్రాన్స్ నుంచి జర్మనీ చేతిలోకి పోయింది. అయినా ఇంట్లో ఫ్రెంచే మాట్లాడుకునేవారు. పిల్లవాడు ఇంటి దగ్గర కొట్టంలోనే రసాయనాలు కలిపి చూసేవాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో చదివి, అక్కడే పంతులయ్యాడు.

1892లో ఒక రాత్రి రెండు గంటలకు ఉలిక్కిపడి లేచాడట. తెలియని చిక్కుకి జవాబు దొరికింది. అప్పుడు మొదలెట్టి మర్నాడు సాయంత్రం ఐదింటిదాకా రాస్తూనే ఉన్నాడు. 1893లో అది అచ్చయింది.

ఆయన చెప్పింది ఇది. క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు కూర్చున్నారనుకోండి. ఇద్దరు అమ్మోనియా, ఇద్దరు క్లోరిన్. క్లోరిన్లు పక్కపక్కన కూర్చోవచ్చు, లేదా ఎదురెదురుగా కూర్చోవచ్చు. సరుకు ఒకటే, పదార్థాలు మాత్రం రెండు! పక్కపక్కన ఉన్నది సిస్, ఎదురెదురుగా ఉన్నది ట్రాన్స్.

పెద్దలు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అప్పటికి ఈ లవణాల మీద వెర్నర్ చేసిన ప్రయోగాలు దాదాపు లేవు మరి. డెన్మార్క్‌లో యోర్గెన్‌సెన్ అనే పెద్దాయన ఏళ్ల తరబడి వాటినే చేస్తున్నాడు. అమ్మోనియాలు గొలుసులా ఉంటాయని ఆయన వాదన. కోబాల్ట్ లవణం ఒకటి ఆకుపచ్చది ఉండేది. వెర్నర్ లెక్కలో దానికి జంట ఉండి తీరాలి. ఎంత వెతికినా దొరకదు! చివరికి 1907లో వెర్నరే దాన్ని తయారుచేశాడు, ఊదారంగులో. అది చూసి యోర్గెన్‌సెన్ తన వాదన వదిలేశాడు. నాకైతే ఆయన కూడా గొప్పవాడే అనిపిస్తుంది.

1913లో వెర్నర్‌కి నోబెల్ వచ్చింది. తర్వాత జబ్బుపడి 1919 నవంబరు 15న చనిపోయాడు. యాభైమూడు కూడా నిండలేదు. తాను రూపం చెప్పిన పసుపు ఉప్పు మందవుతుందని ఆయనకి తెలియదు.

అమెరికాలో రోజెన్‌బర్గ్ బృందం బాక్టీరియా ఉన్న నీళ్లలో ప్లాటినం ముక్కలు పెట్టి కరెంటు పంపింది. బాక్టీరియా రెండుగా చీలడం మానేసి పొడవుగా సాగిపోయింది. కారణం కరెంటు కాదు, కొద్దిగా కరిగిన ప్లాటినం అని 1965లో ప్రకటించారు. కేన్సర్ కణాలూ ఆగకుండా చీలేవే కదా! అందుకని ప్లాటినం లవణాలు ఒక్కొక్కటే గడ్డలున్న ఎలుకల మీద పరీక్షించారు. సిస్ పనిచేసింది. ట్రాన్స్ పనిచేయలేదు. పక్కపక్కనున్న రెండు క్లోరిన్లు ఊడిపోయాక, ఆ రెండు చోట్ల నుంచీ ప్లాటినం కణంలోని డీఎన్ఏని పట్టేసుకుంటుంది. ఎదురెదురుగా ఉంటే ఆ పట్టు కుదరదు.

1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. ముఖ్యంగా యువకులకొచ్చే వృషణాల కేన్సర్, వేరే మందులతో కలిపి ఇస్తే, చాలామందికి నయమవుతోంది. అయితే వాంతులు ఎక్కువ, మూత్రపిండాలకీ దెబ్బ. అందుకే దీన్ని ఎక్కించేటప్పుడు సెలైన్ కూడా బాగా ఎక్కిస్తారు.