సురవరము ప్రతాపరెడ్డి

మనుష్యుని ఉత్సాహమును చంపుటకు పెద్ద కష్టములే రానక్కరలేదు. ఒక్క తేలికమాట చాలును. అయితే అట్టి మాటయే మరియొకనిచేత గొప్పకార్యమును చేయింపగలదు. ఇందుకు సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితము చక్కని నిదర్శనము.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన పాలమూరు సీమలోని బోరవెల్లి గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము ఇటికాలపాడు. కర్నూలులో సంస్కృతాంధ్రములను అభ్యసించి, మద్రాసులో బి.ఏ. పట్టమునంది, న్యాయశాస్త్రమును కూడ చదివిరి. న్యాయవాదవృత్తిలో ధనార్జనకు అవకాశము కలదు. కాని వారి మనస్సు భాషాసేవ వైపునకే మొగ్గినది.

ఆ కాలమున హైదరాబాదు నిజాము ప్రభువుల ఏలుబడిలో నుండెను. రాజ్యములోని ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారే. అయినను కచేరీలలోను, ఉన్నతవిద్యలోను ఉర్దూకే ప్రాధాన్యముండెను. 1921లో నగరమున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా, కొందరు అల్లరిచేసి వారి ప్రసంగమును సాగనీయలేదు. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఆ సంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ యైనది. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ మహాసభకు ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు.

అంతకుముందే, 1926లో, వారు హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. ధనము తక్కువ; పనివారు తక్కువ. వ్యాసములు వ్రాయుట మొదలు అచ్చుతప్పులు దిద్దుట వరకు పెక్కు పనులు వారే చేసికొనెడివారు.

ఇట్లుండగా నొక పండితుడు, నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న అభిప్రాయమును వెలిబుచ్చెను. ఆ మాట ప్రతాపరెడ్డిగారి హృదయమున ముల్లువలె నాటుకొన్నది. పత్రిక చేతిలోనే యున్నది. తలచినచో ఒక ఘాటైన వ్యాసముతో ఆయన నోరు మూయింపవచ్చును. కాని కోపముతో వ్రాసిన జవాబు నాలుగు దినములలో మరుగునపడును. లేరన్నవారికి ఉన్నవారిని చూపుటయే తగిన సమాధానమని వారు నిశ్చయించిరి. ఊరూర నున్న కవుల వివరములను, పద్యములను సేకరించిరి. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు స్థానము పొందిరి.

బాలబాలికలారా! ఇచ్చట మరియొక విషయము గమనింపదగినది. చదువువారు లేక, అచ్చువేయువారు లేక, తన పద్యములను మూటగట్టి దాచుకొన్న పల్లెటూరి కవికి, తన పేరు అచ్చులో కనబడినప్పుడు ఎంత ధైర్యము కలిగియుండునో ఊహింపుడు. ప్రతాపరెడ్డిగారు తాము క్రుంగకుండుటయే కాక, క్రుంగినవారిని కూడ లేవనెత్తిరి.

1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రము వారి మరియొక మహాకృషి. రాజుల యుద్ధములను ప్రక్కకునెట్టి, సామాన్యజనుల ఆహారము, వేషము, ఆటపాటలు, ఆచారములు ఎట్టివో అందు వివరించిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయిరి. 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగు గ్రంథములలో ఆ గౌరవము పొందిన మొదటిది అదియే. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. బహుమానమునకై ఎదురుచూచువారే యైనచో, అంతటి గ్రంథము వారి చేతినుండి వెలువడెడిది కాదు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడినది.

ఇతరులు మనలను లేనివారిగా ఎంచినప్పుడు దుఃఖము కలుగుట సహజము. ఆ దుఃఖమును పనిగా మార్చుకొనుట మన చేతిలోనిది. ప్రతాపరెడ్డిగారు చూపిన త్రోవ అది.