సగము తెరచిన తలుపు: ఆర్థర్ కాల్వెల్ జీవితము

తాము నాటిన మొక్క ఎట్టి వృక్షమై పెరుగునో ఎరుగక నాటినవారు చరిత్రలో పలువురు కనబడుదురు. ఆస్ట్రేలియా దేశపు తొలి వలస వ్యవహారముల మంత్రి ఆర్థర్ కాల్వెల్ అట్టివారిలో ఒకడు. నేడు నానాజాతులకు నివాసమైన ఆ ఖండమునకు ద్వారము తెరచినవాడు ఆయనయే. ఆ ద్వారమున ఆసియావాసులు అడుగిడకుండ కావలి కాచినవాడును ఆయనయే.

ఆయన జీవితము తెలియవలెనన్న ముందు ఒక శాసనమును గూర్చి తెలియవలెను. 1901 లో ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడినది. కొత్త పార్లమెంటు చేసిన తొలి శాసనములలో వలసల నిరోధ చట్టము ఒకటి. ఆసియావారు రారాదని ఆ చట్టము ఎక్కడను చెప్పలేదు. ఓడ దిగినవానికి ఏదేని యూరపు భాషలో యాభై మాటల డిక్టేషను ఇయ్యవచ్చునని మాత్రమే చెప్పినది. భాషను ఎంచువాడు అధికారి. రారాదని తలచినవానికి వానికి రాని భాషనే ఎంచుట ఆచారమైనది. బడిపిల్లల చదువును సరిదిద్దుటకు ఉపాధ్యాయుడు వాడు సాధనము మనుష్యులను వెలివేయుటకు వినియోగపడినది. 1934 లో ప్రాగ్ నగరపు రచయిత ఎగాన్ కిష్ వచ్చినాడు. అనేక భాషలు తెలిసిన అతనిని రాజకీయ కారణములచేత అడ్డగింపదలచి అధికారులు స్కాట్లండు గేలిక్ భాషలో డిక్టేషను ఇచ్చినారు. అది చట్టము ఉద్దేశించిన యూరపు భాష కాదని హైకోర్టు తీర్పు చెప్పగా ప్రభుత్వము నవ్వులపాలైనది. చట్టము మాత్రము చెక్కుచెదరలేదు.

కాల్వెల్ 1896 ఆగస్టు 28 న మెల్‌బోర్న్ నగరమున ఒక పోలీసు ఉద్యోగి ఇంట జన్మించినాడు. తండ్రి తండ్రి బంగారపు గనుల కాలమున అమెరికానుండి వచ్చినవాడు. తల్లివైపువారు ఐర్లండు సంతతి. బాల్యములో సోకిన డిఫ్తీరియా వ్యాధివలన ఆయన కంఠము జీవితాంతము బొంగురుగానే ఉండినది. కళాశాల చదువు లభింపక రాష్ట్ర ప్రభుత్వములో గుమాస్తాగా చేరినాడు. కాని భాషలయందు ఆయనకు మక్కువ పోలేదు. ఐరిష్ భాష నేర్చుకొనుచు ఆ తరగతిలోనే పరిచయమైన ఎలిజబెత్‌ను 1932 లో వివాహమాడినాడు. చీనా భాషను సైతము అభ్యసించినాడు. మెల్‌బోర్న్‌లోని చీనావారిలో ఆయనకు మిత్రులుండిరి. ఏండ్ల తరబడి లేబరు పార్టీలో పనిచేసి, 1940 లో పార్లమెంటు సభ్యుడైనాడు.

1942 లో జపాను సేనలు సింగపూరును పట్టుకొన్నవి. డార్విన్ రేవుపై బాంబులు పడినవి. ఇంత విశాలమైన ఖండమును డెబ్బది లక్షల జనము ఎట్లు కాపాడుకొనునన్న భయము దేశమంతట వ్యాపించినది. 1945 జూలైలో ప్రధాని చిఫ్లీ వలసలకు కొత్తగా ఒక శాఖను ఏర్పరచి కాల్వెల్‌కు అప్పగించినాడు. ఏటేట జనసంఖ్యలో నూటికి ఒకరు చొప్పున బయటివారిని తేవలెనని ఆయన సంకల్పించినాడు. మొదట బ్రిటిషువారినే కోరినాడు. కాని యుద్ధానంతరము ఓడలు కరువు. రాదలచినవారును చాలినంతమంది లేరు. అప్పుడు 1947 లో యూరపు వెళ్లి, ఇల్లు వాకిలి పోగొట్టుకొని శిబిరములలో పడియున్న లిథువేనియా, లాట్వియా, ఎస్తోనియా, పోలండు మొదలగు దేశములవారిని తెచ్చుటకు అంతర్జాతీయ శరణార్థి సంస్థతో ఒప్పందము చేసికొన్నాడు. ఆ ఏడు నవంబరు 28 న ఎనిమిది వందలమందికి పైగా బాల్టిక్ ప్రాంతీయులతో తొలి ఓడ ఫ్రీమాంటిల్ రేవు చేరినది. తరువాతి కొద్ది సంవత్సరములలో సుమారు 1,70,000 మంది శరణార్థులు వచ్చినారు.

వారి జీవితము సుఖమైనది కాదు. ప్రభుత్వము చూపిన చోట రెండేండ్లు పనిచేయుట షరతు. వైద్యులు, ఇంజనీర్లు సైతము పారపట్టి కూలిచేసినారు. స్థానికులు వారిని ఎగతాళి పేర్లతో పిలువగా, కొత్త ఆస్ట్రేలియనులని గౌరవముగ పిలువవలసినదని కాల్వెల్ పట్టుబట్టినాడు. ఆస్ట్రేలియా పౌరసత్వమును మొదటిసారి ఏర్పరచిన 1948 చట్టము ఆయన చేతిమీదుగనే వచ్చినది. వలస ప్రవాహము ఆయన పదవి వీడిన తరువాతను ఆగలేదు. ఇటలీ, గ్రీసు, హాలండు దేశములవారును తండోపతండములుగ వచ్చినారు.

ఇది ఒక ప్రక్క. రెండవ ప్రక్క చూడబోయిన మనస్సు నొచ్చును. యుద్ధకాలమున శరణుజొచ్చిన ఆసియావారిని తిరిగి పంపుటలో ఆయన కనికరము చూపలేదు. ఇండొనేషియా దీవులనుండి 1942 లో భర్తతో, బిడ్డలతో తప్పించుకొనివచ్చిన అన్నీ అను స్త్రీ ఉదంతము ప్రసిద్ధము. ఆమె భర్త మిత్రరాజ్యముల సేవలో విమానప్రమాదమున మరణించినాడు. తరువాత ఆమె తమకు ఆశ్రయమిచ్చిన ఓకీఫ్‌ను పెండ్లాడినది. ఎనమండుగురు బిడ్డల తల్లియైన ఆమెను 1949 లో దేశము వీడుమని కాల్వెల్ ఆజ్ఞాపించినాడు. ప్రజలలో ఆందోళన చెలరేగినది. హైకోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. ఆయన వెనుదీయక అట్టివారిని పంపుటకు కొత్త చట్టమే చేయించినాడు. ఆ ఏటి ఎన్నికలలో లేబరు ప్రభుత్వము ఓడిపోయినది; తరువాతి మంత్రి హెరాల్డ్ హోల్ట్ ఆమెను ఉండనిచ్చినాడు. చీనా భాష నేర్చి, చీనావారితో చెలిమి చేసినవాడు చట్టము ముందు వారిని మనుష్యులుగ చూడలేకపోవుట ఆయన జీవితములోని మహావైరుధ్యము.

1960 నుండి 1967 వరకు ఆయన ప్రతిపక్ష నాయకుడు. 1961 ఎన్నికలలో ప్రధాని పదవి వెంట్రుకవాసిలో తప్పినది. వియత్నాము యుద్ధమునకు నిర్బంధ సైనిక సేవను తీవ్రముగ ప్రతిఘటించినాడు. 1966 జూన్‌లో ఒక యువకుడు ఆయనపై తుపాకి కాల్చగా, కారు అద్దపు పెంకులు తగిలి గాయపడినాడు. తరువాత ఆ యువకుని క్షమించినాడు. ఇంతటి క్షమాగుణము గలవాడును వలస విధానమున మాత్రము మెత్తబడలేదు.

కాని కాలము ఆగలేదు. ఆంగ్లము రాని పోలండు రైతు పౌరుడు కాగలిగినప్పుడు, ఆంగ్లము చదివిన ఆసియా విద్యార్థి ఎందుకు కారాదన్న ప్రశ్నకు చర్మవర్ణము తప్ప వేరు జవాబు లేకపోయినది. కొలంబో పథకము క్రింద వచ్చిన ఆసియా విద్యార్థులు ఆస్ట్రేలియా ఇండ్లలో బసచేసి చదివినారు. 1960 లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయపు విద్యావంతులు కొందరు సంస్కరణ కోరుచు పుస్తకము ప్రకటించినారు. డిక్టేషను పరీక్ష 1958 లోనే రద్దయినది. 1965 లో లేబరు పార్టీ శ్వేత ఆస్ట్రేలియా సూత్రమును తన ప్రణాళికనుండి తొలగించినది. 1966 లో హోల్ట్ ప్రభుత్వము నియమములను సడలించినది. 1973 లో విట్లమ్ ప్రభుత్వము వలస విధానమునుండి జాతిభేదమును పూర్తిగ తుడిచివేసినది. ఆ సంవత్సరమే జూలై 8 న కాల్వెల్ కన్నుమూసినాడు.

2021 జనాభా లెక్కలనాటికి ఆస్ట్రేలియాలో దాదాపు నూటికి ముప్పదిమంది అన్యదేశములలో పుట్టినవారే. వారిలో ఇంగ్లండు తరువాతి స్థానము భారతదేశమునది. మన తెలుగు కుటుంబములును మెల్‌బోర్న్, సిడ్నీ నగరములలో స్థిరపడినవి. మెల్‌బోర్న్ ఉత్తర శివార్లలో ఒక పార్లమెంటు నియోజకవర్గమునకు కాల్వెల్ అని పేరు. తుర్కీ, ఇరాకు, భారతదేశములనుండి వచ్చినవారు అచ్చట వేలకొలదిగ నివసించుచున్నారు. ఆయన రానీయదలపనివారి బిడ్డలే నేడు ఆయన పేరిటి నియోజకవర్గమున ఓటు వేయుచున్నారు. కాల్వెల్ తలుపు సగమే తెరచినాడు. తక్కిన సగము తెరచుటకు ఒక తరము పట్టినది. కాని మొదటి సగమును తెరచిన ఘనత ఆయనకు దక్కవలసినదే.