చిత్రకారుడు పి.టి. రెడ్డి

కరీంనగర్ జిల్లా పేరు వినగానే కవులు, పండితులు, నేతపనివారు, వెండితీగతో అల్లికలు చేసే కళాకారులు స్ఫురిస్తారు. గోదావరి తీరాన నివసించే మనకైతే బొగ్గుగనులు, విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు ముందుగా మనసులో మెదులుతాయి. ఆధునిక భారతీయ చిత్రకళకు తొలిదశలో బాట వేసినవారిలో ఒకరు ఈ జిల్లాలోనే పుట్టారన్న సంగతి మాత్రం చాలమందికి తెలియదు. ఆయనే పాకాల తిరుమల్ రెడ్డి. కళాలోకం ఆయనను పి.టి. రెడ్డిగా ఎరుగును.

తిరుమల్ రెడ్డి 1915 జనవరి 4న అన్నారం గ్రామంలో జన్మించారు. నాడు ఆ ప్రాంతం నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో అంతర్భాగం. గోదావరిఖని గనులు అప్పటికింకా లేవు. పాలనాభాష ఉర్దూ. పల్లెల్లో కళకు కొదువ లేదు. పటాలు రాసే నకాషీలు, కొయ్యబొమ్మలు చెక్కే వడ్రంగులు, ముంగిట ముగ్గులు తీర్చే ఇల్లాండ్రు ఉండేవారు. కాని చిత్రలేఖనమే జీవితమని నమ్మి, దానిని క్రమపద్ధతిలో అభ్యసించాలనుకొనే యువకునికి ఆ పల్లెల్లో మార్గం కనిపించేది కాదు. అందువల్ల ఆయన బొంబాయి చేరి, 1857లో నెలకొన్న సర్ జె.జె. కళాశాలలో విద్యార్థి అయ్యారు.

ఆనాటి చిత్రకళాలోకంలో రెండు మార్గాలు ప్రబలంగా ఉండేవి. చూచినదానిని చూచినట్లు, వెలుగునీడలతో సహా దించి చూపే పాశ్చాత్య విద్యాలయ పద్ధతి ఒకటి. అజంతా, మొగల్ చిత్రాల లాలిత్యాన్ని పునరుద్ధరించదలచిన వంగదేశ పద్ధతి మరొకటి. మొదటిది పరాయిది, రెండవది గతించిన కాలానిది అన్న అసంతృప్తి యువకుల్లో మొలకెత్తింది. అప్పుడు జె.జె. కళాశాలకు అధిపతిగా ఉన్న చార్లెస్ జెరార్డ్ ఐరోపాలో వచ్చిన కొత్త పోకడలను శిష్యులకు పరిచయం చేశారు. రంగు వస్తువును అలంకరించడానికే కాదు, చిత్రకారుని మనఃస్థితిని వెల్లడించడానికి కూడా పనికివస్తుందని ఆ శిష్యులు గ్రహించారు.

వారిలో తిరుమల్ రెడ్డి, భోప్లే, మజీద్, కులకర్ణి, బాప్టిస్టా అనే ఐదుగురు 1941లో ఒక బృందంగా ఏర్పడ్డారు. 'బొంబాయి సమకాలీన భారతీయ చిత్రకారులు' అని దానికి పేరు. వారి ఉడుకుదనాన్ని చూచి జనం 'యంగ్ టర్క్స్' అన్నారు. మన ఆధునిక చిత్రకళాచరిత్రను చెప్పేవారు సాధారణంగా 1947లో బొంబాయిలోనే సూజా, రజా, హుస్సేన్, ఆరా మొదలైనవారు స్థాపించిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుతో ప్రారంభిస్తారు. తిరుమల్ రెడ్డి, ఆయన మిత్రులు అంతకు ఆరేళ్ళ ముందే ఆ ప్రయత్నం చేశారు. అయితే ఈ విస్మృతిని పూర్తిగా అన్యాయమని అనలేము. బృందం ఎక్కువకాలం నిలువలేదు. సభ్యులు ఎవరిదారిన వారు వెళ్ళారు. బాప్టిస్టా డాక్యుమెంటరీ చిత్రాల నిర్మాణం వైపు మళ్ళారు. తరువాతి బృందంలోనివారిలో సూజా లండన్‌కు, రజా పారిస్‌కు తరలిపోయి అంతర్జాతీయ ఖ్యాతి గడించారు. తిరుమల్ రెడ్డి మాత్రం హైదరాబాదుకు తిరిగివచ్చారు.

ఆ నిర్ణయానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆనాటి హైదరాబాదులో బొంబాయిలో వలె ప్రదర్శనశాలలు లేవు. కొత్తరీతి చిత్రాన్ని కొనేవారు అరుదు. జీవనం కోసం ఆయన కుర్చీలు, బల్లల వంటి కలపసామాను తయారుచేయించే వ్యాపారంలోకి దిగారు. కొంతకాలం కుంచె పక్కన పెట్టవలసివచ్చింది. చిత్రకారునికి యౌవనంలో చేజారిన సంవత్సరాలు మరల రావు. అయినా కొయ్యతో ఏర్పడిన ఆ సాన్నిహిత్యం వృథా కాలేదని నా అభిప్రాయం. ఆయన చిత్రకారుడే కాక దారుశిల్పి కూడా అయ్యారు.

ఆయన సహధర్మచారిణి పాకాల యశోదారెడ్డి సుప్రసిద్ధ కథారచయిత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులు. ఎఱ్ఱన, నాచన సోమనల కావ్యాలతో ముడిపడిన తెలుగు హరివంశాలపై పరిశోధన చేసిన విదుషీమణి. అటువంటి పండితురాలు 'మా ఊరి ముచ్చట్లు' కథలను 1973లో తెలంగాణ పల్లెపలుకులో వెలువరించడం విశేషం. ఆ పలుకును గ్రంథరచనకు తగనిదిగా చాలమంది భావించిన రోజులవి. ఆమె ఊరిమాటను కథగా మలుస్తున్న కాలంలోనే, భర్త మన పూజామందిరాల్లోని యంత్రరేఖలను ఆధునిక చిత్రంగా మలుస్తున్నారు.

1960ల చివరినుండి తిరుమల్ రెడ్డి దృష్టి తాంత్రికచిహ్నాల వైపు మళ్ళింది. బిందువు, త్రికోణం, వృత్తం, పద్మం, చుట్టలు చుట్టుకొన్న సర్పం ఈ చిత్రాలకు మూలద్రవ్యాలు. ఊర్ధ్వముఖ త్రికోణం శివునికి, అధోముఖ త్రికోణం శక్తికి సంకేతాలు. అవి రెండూ పెనవేసుకొనడం సృష్టికి గుర్తు. ఆయన వీటిని పూజకోసం చిత్రించలేదు. ముదురు రంగుల పొందికతో, స్త్రీపురుషతత్త్వాల కలయికను, ప్రాణశక్తి మేల్కొనే తీరును కంటికి కట్టించదలచారు. సంప్రదాయజ్ఞులలో కొందరికి అది సాహసంగా తోచవచ్చు. నాకు మాత్రం ముగ్గులో చుక్కచుట్టూ తిరిగే గీత జ్ఞాపకం వస్తుంది. ఎన్ని మెలికలు తిరిగినా ఆ గీత చుక్కను విడిచిపోదు. ఈ రీతిలో కృషి చేసిన బీరేన్ డే, జి.ఆర్. సంతోష్ వంటి వారి సరసన విమర్శకులు పి.టి. రెడ్డి పేరును చేర్చారు. బొంబాయిలో పశ్చిమదేశాల పోకడలతో మొదలైన ప్రయాణం ఇలా స్వదేశీయ చిహ్నాల వద్దకు చేరింది.

హైదరాబాదు నారాయణగూడలోని ఆయన నివాసం పేరు 'సుధర్మ'. దేవసభకు మన పురాణాలలో ఉన్న పేరది. ఇల్లు, పనిచోటు, చిత్రశాల మూడూ అదే. అక్కడ ఆయన చిత్రాలతో పాటు యశోదారెడ్డి కథలు కూడా రూపుదిద్దుకొన్నాయి. 1996 అక్టోబరు 21న తిరుమల్ రెడ్డి కన్నుమూశారు. మూడేళ్ళకు, 1999లో, యశోదారెడ్డి 'ఎచ్చమ్మ కథలు' ప్రచురించారు. 2007లో ఆమె కూడా కీర్తిశేషులయ్యారు.