కంకి అందం చూసి మోసపోని హెన్రీ వాలెస్

ప్రతి తొలకరికీ మన అమ్మానాన్నలు అప్పుచేసైనా కొనే హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల వెనుక ఒక మహనీయుని కృషి ఉంది. ఆయనే హెన్రీ వాలెస్.

వాలెస్ 1888 అక్టోబరు 7న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి వ్యవసాయ కళాశాలలో అధ్యాపకులు. బానిస తల్లికి పుట్టి, ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి జార్జ్ వాషింగ్టన్ కార్వర్. ఆయన చిన్నారి హెన్రీని వెంట తిప్పుకుంటూ చెట్టూ చేమా పరిచయం చేశారు.

ఆ రోజుల్లో అక్కడ మొక్కజొన్న కంకులకు అందాల పోటీలు జరిగేవి. నిండుగా, వరుసలు తీరిన కంకికి బహుమతి ఇచ్చేవారు. రైతులు దాన్నే విత్తనానికి ఎంచేవారు. 1904లో పదిహేనేళ్ల వాలెస్‌కు అనుమానం వచ్చింది. ఒక్కో కంకి గింజలను వేరువేరు సాళ్లలో నాటి, దిగుబడి తూచారు. అందంలో మొదటిదైన కంకి దిగుబడిలో అట్టడుగు కంకుల్లో ఒకటిగా నిలిచింది!

తరువాత ఆయన జార్జ్ షల్ వంటి శాస్త్రవేత్తల పరిశోధనలను శ్రద్ధగా చదివారు. మొక్కజొన్నను కొన్ని తరాలు తన పుప్పొడితోనే ఫలదీకరిస్తే మొక్క గిడసబారుతుంది. అలాంటి రెండు వేరు వంశాలను కలిపితే పుట్టే మొక్క ఏపుగా పెరుగుతుంది. దీనినే సంకర తేజం అంటారు. అయితే ఏ రెండింటిని కలిపినా ఫలితం రాదు. బక్క మొక్క కూడా సరైన జోడీ దొరికితే గొప్ప సంతానాన్ని ఇవ్వవచ్చు. కనుక వంశాలను చూపును బట్టి కాక, వాటి సంకరాలను పొలంలో పరీక్షించి ఎంచుకోవాలి.

ఇలా రూపొందిన ఆయన 'కాపర్ క్రాస్' 1924లో అయోవా దిగుబడి పోటీలో బంగారు పతకం పొందింది. 1926లో ఆయన విత్తన సంస్థ స్థాపించారు. 1933 నుండి 1940 వరకు వ్యవసాయ మంత్రిగా, 1941 నుండి 1945 వరకు ఉపాధ్యక్షునిగా పనిచేశారు. 1948 అధ్యక్ష ఎన్నికల్లో దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడటానికి నిరాకరించారు. కోడిగుడ్లు విసిరినా వెనుదిరగలేదు. ఆ ఎన్నికల్లో ఓడిపోయారు. 1965 నవంబరు 18న కన్నుమూశారు.

మన దేశంలో తొలి సంకర మొక్కజొన్న రకాలు 1961లో విడుదలయ్యాయి. వాటిలో ఒకదాని పేరు డెక్కన్. దిగుబడి పెరిగింది, కానీ పంటలోంచి గింజ దాచి మళ్లీ నాటితే ఆ తేజం తగ్గిపోతుంది. అందుకే ఏటా విత్తనం కొనాలి. ఆ భారం మన ఇళ్లవారికి బాగా తెలుసు. రైతుకు తక్కువ ధరలో మేలైన విత్తనం అందించే పని మన తరానికి మిగిలే ఉంది.

మిత్రులారా! మన బట్టలు, మన ఊరి పేరు, మన మాట తీరు చూసి మనల్ని అంచనా వేసేవారు ఉంటారు. మనకు కావలసింది జాలి కాదు, నాటుకోవడానికి ఒక సాలు. దిగుబడి చూశాకే తీర్పు చెప్పమని అడుగుదాం.