పునీత ఇన్యాసివారిని వేధించిన శంక

విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరు మీరు వినే ఉంటారు. లొయోలాకు చెందిన పునీత ఇన్యాసివారిని ధీరుడైన సైనికునిగా, యేసు సభ స్థాపకునిగా మీరెరుగుదురు. అటువంటి మహనీయుడు ఒకప్పుడు మనోవ్యథతో బ్రతుకుపైనే విసుగు చెందారని మీకు తెలుసా?

ఇన్యాసివారు 1491లో స్పెయిన్ దేశంలో జన్మించారు. 1521 మే 20న పాంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. మంచం పట్టి ఉండగా చదివిన క్రీస్తునాథుని చరిత్ర, పునీతుల చరిత్రలు ఆయన మనసు మార్చాయి. 1522 మార్చిలో మోన్సెరాత్ పుణ్యక్షేత్రంలో తన పాపాలన్నీ వ్రాసుకొని మూడు దినాలపాటు పాపసంకీర్తనం చేశారు. కత్తిని మరియమాత పీఠం వద్ద వదలి మన్రేసా పట్టణం చేరారు.

కష్టం అక్కడే మొదలైంది. అన్ని పాపాలూ చెప్పానా, సరిగా చెప్పానా అనే శంక పట్టుకుంది. మళ్లీ పాపసంకీర్తనం చేసినా తృప్తి కలిగేది కాదు. మరేదో చిన్న విషయం గుర్తుకు వచ్చేది. స్పష్టంగా ఉన్నవి తప్ప పాతవి చెప్పవద్దని గురువు ఆదేశించారు. కాని ఆయనకు అన్నీ స్పష్టంగానే తోచాయి! దినానికి ఏడు గంటలు మోకరించి ప్రార్థించినా నెమ్మది లేదు. ప్రాణం తీసుకోవాలన్న తలంపు కూడా వచ్చేది. వారం దినాలు అన్నపానాలు మానారు. గురువు మాటకు విధేయుడై ఉపవాసం విడిచారు. రెండు దినాలు ఊరట. మూడవ దినాన శంక తిరిగి వచ్చింది.

ఒక పాపం తలచుకుంటే మరొకటి గొలుసులా వస్తున్నదనీ, అది తనను మంచికి నడిపించడం లేదనీ అప్పుడు గ్రహించారు. పాత పాపాలను ఇక చెప్పకూడదని నిశ్చయించుకొన్నారు. శంక వీడింది. అది దేవుని కనికరమని నమ్మారు.

అయిదు శతాబ్దాల నాటి పునీతునికి మనం రోగనిర్ణయం చేయలేము. కాని ఇటువంటి బాధ నేడూ ఉంది. చేతులు పదేపదే కడగడం, తాళం వేసిందీ లేనిదీ మాటిమాటికీ చూడడం, క్షమించబడిన పాపాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకోవడం దీని రూపాలు. వైద్యులు దీనిని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు. వద్దన్నా వచ్చే తలంపు భయం పుట్టిస్తుంది. చేసిన పనినే మళ్లీ చేస్తే భయం కాసేపు తగ్గుతుంది. ఆ కాసేపటి ఊరటే జబ్బుకు మేత.

అందుకే చికిత్సలో భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, ఆ పని చేయకుండా ఆగడం నేర్పుతారు. లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఈ పద్ధతిని వెల్లడించారు. ఫ్లూఆక్సెటిన్ వంటి మందులూ ఉన్నాయి. వాటి గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడి మానరాదు.

మీ ఇంట ఇటువంటివారు ఉంటే విశ్వాసం చాలలేదని నిందించకండి, చాదస్తమని నవ్వకండి. అడిగిన ప్రతిసారీ ఏమీ కాదని నచ్చజెప్పడమూ మేలు చేయదు. మానసిక వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. చనిపోవాలన్న మాట వినబడితే ఆ దినమే వెళ్లండి.

ఇన్యాసివారి యేసు సభను 1540లో 3వ పౌలు పోపుగారు ఆమోదించారు. తన ఆధ్యాత్మిక సాధనల గ్రంథంలో ఇటువంటి శంకలు గలవారి కోసం సూచనలూ వ్రాసి ఉంచి, 1556 జూలై 31న రోములో కన్నుమూశారు. తాను పడిన బాధను దాచుకోక ఇతరులకు మందుగా మలచిన ఆ పునీతుడు, నేడు శంకతో నలిగే మనవారికి తోడై ఉండునుగాక.