జి. డి. నాయుడు

ఖమ్మము, భద్రాచలము అడవుల సరిహద్దున దమ్మపేట అను ఊరు కలదు. చుట్టుపట్ల పల్లెలకు మంచి బాటలు లేని రోజులలో అచ్చటి జనులకు పాత జీపే దిక్కుగా నుండెను. సంతకు పోవలెనన్నను, రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను అదియే రావలెను. దాని యజమాని ధనవంతుడు కాడు. ఇంజను చెడినచో క్రొత్త బండిని కొనజాలడు. అందుచే ఇంజను దిమ్మపై చెక్కియున్న సంఖ్యను చూచి, అది ఏ రకమో, ఏ కాలపుదో తెలిసికొని, సరిపడు విడిభాగములను వెదకి తెచ్చెడివాడు. అదియు సాగనప్పుడు పెట్రోలు ఇంజనును తీసివేసి, తక్కువ ఖర్చుతో నడచు డీజిలు ఇంజనును బిగింపించుకొని ఆ బండినే నడపుకొనెడివాడు. చేతనున్న యంత్రమును చక్కగా గుర్తెరిగి, కొద్దిపాటి ధనముతో దానిని మెరుగుపరచు విద్య ఇది. ఈ విద్యలో మన దేశమున అగ్రగణ్యుడై పేరొందిన ఒక తెలుగువాని చరిత్రమును ఇప్పుడు తెలిసికొందము.

విజయనగర రాజుల కాలమున అనేక తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలిపోయి తమిళదేశమున స్థిరపడెను. కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామములో అట్టి వ్యవసాయ కుటుంబమొకటి ఉండెను. ఆ యింట 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన దొరస్వామి నాయుడు జన్మించెను. తండ్రి పేరు గోపాలస్వామి నాయుడు. లోకము ఈయనను జి. డి. నాయుడు అని పిలిచెను.

బడి యన్న ఆ బాలునకు గిట్టలేదు. ఒకనాడు ఉపాధ్యాయుని మొగమున ఇసుక చల్లి పారిపోయెనని చెప్పుదురు. ముప్పది యేండ్లకు పైగా బడిలోనే గడపిన నాకు ఈ మాట వ్రాయుట కొంత సంకోచముగనే యున్నది. అయినను చరిత్రము చెప్పువాడు ఉన్నదానిని దాచరాదు. మూడవ తరగతితో ఆయన చదువు ముగిసెను.

దొరస్వామి నాయుడు యువకుడై యుండగా ఒకనాడు ఆ గ్రామమునకు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలుపై వచ్చెను. అది రడ్జి సంస్థవారు ఇంగ్లండులో నిర్మించినది. ఎద్దు లేదు, గుఱ్ఱము లేదు. అయినను బండి పరుగెత్తుచున్నది! ఆ వింత యువకుని మనస్సును పట్టుకొని విడువలేదు. ఊరక చూచి ఆశ్చర్యపడినవారు ఆ ఊర అనేకులుండిరి. ఈయన మాత్రము అట్టిదానిని తాను సంపాదింపవలెనని నిశ్చయించుకొని, ఊరు విడిచి కోయంబత్తూరునకు పోయి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరెను. మూడేండ్లు ఎంగిలి విస్తళ్ల నడుమ తిరిగి, రూపాయి వెంట రూపాయి కూడబెట్టి, చివరకు మూడు నాలుగు వందల రూపాయలతో ఆ మోటారు సైకిలును కొనెను.

కొన్నవాడు దానిపై ఎక్కి ఊరేగవలెను గదా! నాయుడు అట్లు చేయలేదు. దానిని మరకు మరగా, మేకుకు మేకుగా విప్పివేసెను. మూడేండ్ల కష్టార్జితము నేలపై ముక్కలై పడియుండెను. తిరిగి కూర్చుట చేతకానిచో అది ఇనుప సామానులవానికి తూకమునకు వేయుటకే పనికివచ్చును. నేర్పుటకు గురువు లేడు. చదువుకొనుటకు తగిన ఆంగ్లము లేదు. ముక్కలే ఆయనకు పాఠ్యపుస్తకమయ్యెను.

అట్టి ఇంజనును విప్పినవానికి కనబడునదేమి? సిలిండరు అను ఇనుప గొట్టములో పిస్టను అను మూత క్రిందికిని పైకిని కదలుచుండును. అది మొదటిసారి క్రిందికి దిగునపుడు ఒక వాల్వు తెరచుకొని, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి లోపలికి వచ్చును. పైకి లేచునపుడు ఆ మిశ్రమము అణచబడును. అప్పుడు ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టి, మిశ్రమము భగ్గున మండి పిస్టనును బలముగ క్రిందికి నెట్టును. ఈ నెట్టుటయే బండికి ప్రాణము. తిరిగి పిస్టను పైకి వచ్చునపుడు రెండవ వాల్వు తెరచుకొని పొగ వెలుపలికి పోవును. ఈ నాలుగు కదలికల క్రమము మనస్సునకు పట్టినచో యంత్రము తన రోగమును తానే చెప్పును. నీలిపొగ వచ్చినచో పిస్టను చుట్టునుండు రింగులు అరిగి నూనె లోపలికి పోవుచున్నదని ఊహింపవచ్చును. నల్లపొగ వచ్చినచో పెట్రోలు మితిమీరినదని తెలియును. వాల్వు సరిగా మూసికొననిచో మిశ్రమము అణగక బండికి బలము తగ్గును. వీనిలో అనేకము ఇంజనును మార్చకయే అరగదీసి, కడిగి, బిగించి, ఒక చిన్న భాగమును మార్చి చక్కబరుపదగినవే.

నాయుడు ఆ మోటారు సైకిలును తిరిగి కూర్చెను, అది నడచెను. అటుపిమ్మట మెకానిక్కుగా పనిచేసెను. నడుమ ప్రత్తి వ్యాపారమున కొంత ధనము గడించి, బొంబాయికి పోయి ఆ ధనమును పోగొట్టుకొనెను. తిరిగి కోయంబత్తూరు చేరినపుడు రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుడు ఈయన నేర్పును గుర్తించి చేయూత నిచ్చెను. ఆ సాయముతో 1920వ సంవత్సరమున ఒక బస్సును సంపాదించి, పొల్లాచి పళని పట్టణముల నడుమ సుమారు 60 కిలోమీటర్ల బాటలో తానే స్వయముగా నడపసాగెను.

బస్సు ఒకనాడు నిలిచినచో ఆనాటి రాబడి పోవును; ప్రయాణికులు నడిబాటలో చిక్కుకొందురు. ఆ కాలమున విడిభాగములు ఓడలపై సీమనుండి రావలెను. వాని కొరకు ఎదురుచూచుచు కూర్చున్నవాని వ్యాపారము మునుగును. అందుచే నాయుడు తన కర్మశాలలోనే మరమ్మతులు చేయించుచు, బండి చెడిన పిదప గాక చెడకముందే దోషమును పసికట్టవలెనని తలచెను. ఇంజను వణకును కొలిచి అందలి లోపమును తెలుపు పరీక్షా సాధనమొకటి రూపొందించెను. టిక్కెట్లిచ్చు యంత్రమును గూడ కల్పించెను. ఒక్క బస్సు పదులై, పదులు వందలై, యూనివర్సల్ మోటార్ సర్వీసు అను ఆయన సంస్థ దక్షిణదేశమున ప్రఖ్యాతి గాంచెను. వేళకు వచ్చు బస్సులని జనులు వానిని నమ్మిరి.

1937వ సంవత్సరమున డి. బాలసుందరము నాయుడుతో కలిసి దేశములో మొట్టమొదటి విద్యుత్ మోటారును పీలమేడులో తయారుచేయించెను. బ్యాటరీతో నడచు క్షౌర యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మున్నగునవి ఆయన కల్పనలే. 1941లో 70 రూపాయలకే రేడియోను తయారుచేయగలనని ప్రకటించెను. ఏ వస్తువును చూచినను, సామాన్యుడు కొనగల వెలకు దీనిని ఎట్లు తేవచ్చునని యోచించుట ఆయన స్వభావము.

1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక కళాశాల ఏర్పడుటకు ఆయన కారకుడై, దానికి ప్రధానాచార్యుడును అయ్యెను. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వలదు, రెండేండ్లు చాలునని ఆయన వాదము. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన పదవిని వదలుకొనెను. చేతిపని రెండేండ్లలో వచ్చును గాని గణితము, లోహముల గుణములు అంత త్వరగా పట్టుబడవని నా అభిప్రాయము. తన తీక్ష్ణబుద్ధినే అందరికిని కొలబద్దగా పెట్టుకొనెను కాబోలు! ఆ కళాశాలయే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వృద్ధి పొందినది.

1952లో ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారును 2,000 రూపాయల వెలకు సిద్ధపరచెను. ఆనాటి కారుల వెలతో పోల్చినచో ఇది బహు స్వల్పము. బడిపంతులు గూడ కొనదగిన కారు అది! కాని దానిని తయారుచేయుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను, అది లభింపలేదు. తయారీ ఆగిపోయెను. యంత్రములోని దోషమైనచో విప్పి చూచి సవరింపగలడు. కాగితముల దోషమునకు ఆయన వద్ద పనిముట్టు లేకపోయెను.

1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడు మరణించెను. కోయంబత్తూరులో అవినాశి బాటపై ఆయన పేరిట ప్రదర్శనశాల కలదు. 2015లో అచ్చటనే పాత కారుల ప్రదర్శనశాలయు వెలసినది. బాలురు ఆ కారుల ప్రక్కన నిలిచి ఇంజనుల లోనికి తొంగిచూచుచుందురు.